తోడల్లుడి కంటే నల్లటి అద్దాలు

ఆ శనివారం పొద్దున పళ్ళ డాక్టరు పెట్టుకున్న పని ఒక్కటే, వరండాలో మాడిపోయిన ట్యూబులైటు మార్చడం. ఆయన స్టూలెక్కి నిలబడ్డాడు. భార్య కింద స్టూలు పట్టుకుంది. అంతలో గేటు దగ్గర సైకిల్ బెల్లు మోగింది. ఆవిడ స్టూలు వదిలేసి గేటు వైపు వెళ్ళిపోయింది.

వచ్చినవాడు తోడల్లుడు, అంటే భార్య అక్కగారి మొగుడు. బ్యాంకు మేనేజరు. నిన్నమొన్నటిదాకా సోఫాలోంచి లేవాలంటే ఎవరో ఒకరు చెయ్యి అందించాల్సిన మనిషి. ఇప్పుడు ఒంటికి అతుక్కున్న ఎర్ర చొక్కా, నెత్తిన హెల్మెట్, కళ్ళకి వంపు తిరిగిన చలువద్దాలు. చిత్రమేమిటంటే, గేటు దగ్గర ఎండలో నల్లగా ఉన్న ఆ అద్దాలు ఆయన వరండా నీడలో కూర్చున్న కాసేపట్లోనే వాటంతటవే తెల్లబడ్డాయి.

"చూశారా, బావగారి అద్దాలు రంగు మారుతున్నాయి" అంది భార్య. ఊగుతున్న స్టూలు మీద ట్యూబులైటును కావలించుకుని నిలబడ్డ మనిషి ఏ రంగుకి మారాడో ఆవిడ గమనించలేదు.

తోడల్లుడు మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు గానీ ఆయన ముచ్చట ఆ ఇంట్లోంచి వెళ్ళలేదు. బావగారికి పొట్ట తగ్గిందట, మొహంలో కళ వచ్చిందట, మెట్లు చకచకా ఎక్కేస్తున్నారట. మధ్యాహ్నం భోజనాల దాకా ఇదే వరస. విని విని కడుపు రగిలిపోయి, రేపు తనూ ఆయనతో సైకిల్ తొక్కబోతున్నానని డాక్టరు నోరు జారాడు. వెనక్కి తీసుకుందామనుకునేలోపే భార్య అక్కకి ఫోన్ చేసి చెప్పేసింది. తెల్లవారుజామునే వచ్చేస్తానని తోడల్లుడు కబురు పెట్టాడు.

సాయంత్రం డాక్టరు సైకిళ్ళూ వాటి సామాన్లూ అమ్మే షాపుకి వెళ్ళాడు. షాపు నడిపే ఆవిడ ఓపిగ్గా వివరించింది. మండే ఎండకి ముదురు అద్దాలు, మబ్బు పట్టిన వేళకి పసుపువి, చీకట్లో అయితే రంగు లేనివి. ఇన్ని ఎందుకనుకుంటే వెలుతురును బట్టి మారేవి ఉన్నాయి, అవే మేలు. మొన్న ఒక బ్యాంకు మేనేజరుగారు కూడా అవే తీసుకెళ్ళారని చివర్లో ఒక మాట కలిపింది. ఆ మాటతో బేరం చెడింది.

"ఆయన అద్దాల కంటే నల్లటివి ఏమున్నాయి?" అన్నాడు డాక్టరు.

"ఉన్నాయండీ. కానీ అవి మిట్టమధ్యాహ్నం ఎండకి. మీరు ఏ వేళప్పుడు తొక్కుతారు?"

"మిట్టమధ్యాహ్నమే."

చల్లటి వేళలో తొక్కడం ఎవరైనా చేసే పనే అని ఆయన ఉద్దేశం. ఆవిడ ఆ నల్లటి అద్దాల వెనక ఆయన చూపుకి సరిపడే పవరు బిగించి ఇచ్చింది. సైకిలూ, మిగతావన్నీ కూడా అదే కొలతతో కొన్నాడు. హెల్మెట్ తోడల్లుడిదాని కంటే మెరవాలి, చొక్కా అంతకంటే ఎర్రగా ఉండాలి. ఆపైన తోడల్లుడికి లేని బూట్లు, పెడల్‌ని తాళంలా పట్టేసుకునేవి. దిగాలంటే ముందు మడమ పక్కకి తిప్పాలని ఆవిడ చెబుతున్నప్పుడు ఆయన నిలువుటద్దంలో తన పొట్ట లోపలికి పీల్చి చూసుకుంటున్నాడు.

ఆదివారం తోడల్లుడు వచ్చేసరికి ఇంకా చీకటి వీడలేదు. పైగా మబ్బు. సాగనంపడానికి భార్య గేటు దాకా వచ్చింది. డాక్టరు మామూలు కళ్ళజోడు తీసి ఆవిడ చేతికిచ్చి కొత్త అద్దాలు పెట్టుకున్నాడు. గేటూ భార్యా కలిసి మాయమయ్యారు.

"తమ్ముడూ, వెలుతురు రాలేదింకా. అవి తీసి నీ మామూలు జోడు పెట్టుకో" అన్నాడు తోడల్లుడు.

తన అద్దాలు ఇంత బాగుంటే అన్నయ్యగారు చూడలేకపోతున్నారు, అనుకున్నాడు డాక్టరు. నిజానికి చూడలేకపోతున్నది తనే. ఆ నల్లదనంలో ఆయనకి కనిపించింది ఒక్కటే, తోడల్లుడి సైకిల్ వెనక మిణుకుమిణుకుమనే ఎర్ర దీపం. దాన్నే నమ్ముకుని తొక్కాడు.

కూడలి దగ్గర తోడల్లుడు నీళ్ళు తాగడానికి పక్కకి ఆగి దిగాడు. సరిగ్గా అప్పుడే పక్క సందులోంచి ఇంకో సైకిలు, దాని వెనక ఇంకో ఎర్ర దీపం వచ్చి ముందుకు సాగాయి. డాక్టరు వాటి వెంట పడ్డాడు. తోడల్లుడు సీసా మూత బిగించి తలెత్తేసరికి తమ్ముడు లేడు.

దీపం వేగం పెంచింది. డాక్టరుకి ఒళ్ళు మండింది. అన్నయ్యగారు తనని వెనక వదిలేసి వెళ్ళి, ఆ సంగతి రేపు తన భార్య దగ్గర చెప్పుకుని మెప్పు పొందాలని చూస్తున్నారు కదా అనుకున్నాడు.

"ఆగండి. ఇవాళ మిమ్మల్ని వదిలే ప్రసక్తే లేదు" అని గొంతెత్తి అరిచాడు.

ఆ గొంతు వినగానే ముందున్న సైకిలు ఓసారి తూలి, రెట్టింపు వేగంతో దౌడు తీసింది. సందులు తిరిగింది, వంతెన ఎక్కింది, దిగింది. డాక్టరు రొప్పుతూనే వెంటపడ్డాడు. చివరికి దీపం ఒక ఆవరణలోకి దూరి ఆగిపోయింది. ఆయన కూడా బ్రేకు వేశాడు. బూటు మాత్రం పెడల్‌ని వదల్లేదు. సైకిలుతో సహా నిదానంగా పక్కకి ఒరిగాడు. ఒరిగిన వైపు మైదా బస్తా ఉండటం ఆయన అదృష్టం. దాని మూతి విప్పి ఉండటం మాత్రం కాదు.

"డాక్టరుగారూ, మీకు దణ్ణం పెడతాను. రేపు నేనే వస్తాను" అని ఎవరో బుగ్గ పట్టుకుని వణికిపోతున్నారు.

ఆయన బేకరీ ఓనరు. ఇళ్ళకి బ్రెడ్డు వేసి వస్తున్నాడు. పోయిన నెల ఆ పళ్ళ డాక్టరు కుర్చీలోంచే, పన్ను సగం తొలిచాక, ఫోన్ వచ్చిందని బయటికి వెళ్ళి మళ్ళీ రాలేదు. క్లినిక్ నుంచి ఎన్నిసార్లు పిలిచినా పలకలేదు. ఇక డాక్టరే స్వయంగా తరుముకొస్తాడని కలలో కూడా అనుకోలేదు.

అప్పటికి ఎండ వచ్చింది. అద్దాలు పనికొచ్చే వేళ అయింది గానీ వాటి నిండా పిండి. ఏమీ కనబడక, ఇంటికి ఫోన్ చెయ్యమని డాక్టరు బేకరీ ఆయన్నే బతిమాలుకున్నాడు. ఇంటి దగ్గర అప్పటికే గగ్గోలుగా ఉంది. తమ్ముడు కనబడటం లేదని తోడల్లుడు భార్యకి చెబితే, ఆవిడ దెబ్బ తగిలిందేమో అని చెల్లెలికి చెప్పింది, అది వాళ్ళమ్మ దాకా వెళ్ళేసరికి ఆపరేషన్ అయింది. ముగ్గురూ ఒకే కారులో, దారిలో తోడల్లుణ్ణి ఎక్కించుకుని బేకరీకి వచ్చి పడ్డారు.

"నా పన్ను కోసం ఊరంతా తరిమారమ్మా" అన్నాడు బేకరీ ఆయన, గౌరవంగా. "బుద్ధెరిగినప్పటి నుంచీ సైకిల్ మీదే ఉన్నాను. నన్ను పట్టుకున్నవాళ్ళు ఇంతవరకూ లేరు."

పిండి గొంతుకి అడ్డం పడి దగ్గు రావడంతో డాక్టరు కాదనలేకపోయాడు. ఆ తర్వాత కాదనాలని అనిపించలేదు. భార్య ఆయన మొహం మీది పిండి తుడుస్తూ, ట్యూబులైటు వెలిగినట్టు నవ్వింది. వదినగారు మొగుడి వైపు తిరిగింది.

"మరిదిగారిని చూడండి. మీరేమో వెంట వచ్చిన మనిషిని దారిలో పారేసుకున్నారు. మీ సైకిలు చాలు, రేపటి నుంచి ఇంట్లో కూర్చోండి."

తోడల్లుడు తల వంచుకున్నాడు. డాక్టరుని కారెక్కించేటప్పుడు మాత్రం చెవి దగ్గరికి వచ్చి గుసగుసలాడాడు. "నీ మేలు మర్చిపోను తమ్ముడూ. మీ వదిన రోజూ నీ నడుమే చూపించి నన్ను దెప్పేది. ఆ పోరు పడలేక తొక్కాను గానీ, నాకు సైకిలంటే చచ్చేంత భయం."

డాక్టరు తనూ అదే చెబుదామనుకున్నాడు. కానీ ముందు సీట్లోంచి భార్య, ఇక ప్రతి ఆదివారం ఆయన ఎటు తొక్కాలో అమ్మకి చెబుతోంది.

ఇప్పుడు ఆదివారాలు తెల్లవారుజామున పళ్ళ డాక్టరు ఒక్కడే తోడల్లుడి ఇంటి ముందు నుంచి తొక్కుకుంటూ వెళతాడు, కర్టెన్లు వేసిన ఆ కిటికీ వెనక అన్నయ్యగారు ముసుగేసుకుని పడుకున్న దుప్పటిని తలుచుకుని ఓర్వలేక.