పట్టాలు లేని స్టేషన్‌లో మొదటి ప్రయాణికురాలు

ఇర్వింగ్ నగరంలోని బ్లూ హెరాన్ ఎస్టేట్స్ నివాసులకు సంతోషంతో తెలియజేయడమేమనగా, మన కాలనీ గేటు పక్కన జపాన్ పల్లెటూరి రైల్వే స్టేషన్ ఒకటి సిద్ధమైంది. చెక్క బెంచీ, పెంకుల కప్పు, గుండ్రటి గడియారం, రైళ్ళ వేళల పట్టిక అన్నీ ఉన్నాయి. పట్టాలు లేవు. రైలు రాదు. ఈ రెంటినీ లోపాలుగా ఎంచరాదని కాలనీ సంఘం అధ్యక్షులు ఫణిగారు ముందే సెలవిచ్చారు.

ఫణిగారి అత్తగారు మీనాక్షమ్మ ఈ ప్రకటనను వంటింట్లో నిలబడి చదివింది. సామర్లకోటలో టీచరుగా రిటైరై, కూతురు అంకిత దగ్గర కొన్నాళ్ళు ఉండడానికి వచ్చిందావిడ. ఇంత పెద్ద అమెరికాలో ఆవిడకు కావలసింది ఒక్కటే: బుధవారం బుధవారం లైబ్రరీకి వెళ్ళడం. అక్కడ ఆడవాళ్ళు చేరి బొంతలు కుడతారు. కూతురు దింపితే ఒకసారి వెళ్ళి గొలుసుకుట్టు వేసి చూపించేసరికి రోసా అనే మెక్సికో పెద్దావిడ మీనాక్షమ్మ చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఒకరి భాష ఒకరికి రాదు, అయినా కబుర్లకేం లోటు రాలేదు. వచ్చేవారం నీ కుర్చీ పట్టి ఉంచుతానని రోసా సైగ చేసింది.

ఆ కుర్చీ ఇప్పటికీ ఖాళీగానే ఉంది. లైబ్రరీ కారులో ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాలే కూతురి క్యాలెండర్‌లో దొరకడం లేదు. "అమ్మా, ఈ వీక్ ఆఫీసులో రిలీజ్ ఉంది, అస్సలు కుదరదు. నెక్స్ట్ వీక్ పక్కా డ్రాప్ చేస్తా" అంటుంది అంకిత ప్రతివారమూ. నడిచి పోదామంటే అడ్డంగా హైవే. ఇక అల్లుణ్ణి నోరు తెరిచి అడగడమా, రామ రామ! వాళ్ళ ఇంటావంటా లేదు.

ఆమధ్య, స్టేషన్ కట్టకముందు, దేవుడు కరుణించాడు. లైబ్రరీకి వెళ్ళే బస్సు మీ గేటు ముందు నుంచే పోతోంది, అక్కడ ఒక స్టాప్ పెట్టమంటారా అని సిటీవాళ్ళు అడిగారు. సంఘం హుటాహుటిన సమావేశమైంది. రియల్ ఎస్టేట్ చేసే వెంకట రమణ లేచి, "బస్ స్టాప్ పెడితే ఎవరు పడితే వాళ్ళు దిగుతారు బ్రదర్. ఇళ్ళ రేట్లు ఏమైపోవాలి? అయినా మనలో బస్సెక్కే ఖర్మ ఎవరికి పట్టింది?" అన్నాడు. వెనక వరసలో సమోసా తింటున్న మీనాక్షమ్మ చెయ్యి సగం దాకా లేచింది. వేదిక మీద కూర్చున్నది అల్లుడు. చెయ్యి మళ్ళీ సమోసా మీదికే దిగింది. స్టాప్ వద్దని ఏకగ్రీవంగా తీర్మానించారు.

అదే సమావేశంలో రెండో అంశం స్టేషన్. కిందటి ఏప్రిల్‌లో కాలనీవాళ్ళు కొందరు పూలు చూడ్డానికి జపాన్ వెళ్ళి, దిగాల్సిన ఊరు కాక మరో ఊళ్ళో దిగిపోయారు. కొండల మధ్య బుల్లి స్టేషన్. టికెట్లిచ్చేవాడు కూడా లేడు. ఉల్లికాడల కట్టతో ముసలమ్మ ఒక్కతే నిలబడి ఉంది. ఆవిడ ఒక్కదాని కోసం రైలొచ్చి ఆగింది, డ్రైవర్ తల వంచి నమస్కారం కూడా పెట్టాడు. ఫణిగారికి అక్కడికక్కడే కళ్ళనీళ్ళు తిరిగాయి. అంతటి సంస్కారం మన పిల్లలకూ అబ్బాలంటే అలాంటి స్టేషన్ మనకూ ఉండాలని ఆయన అనగానే హాలంతా చప్పట్లు.

పనులు శాస్త్రోక్తంగా జరిగాయి. వాస్తు ప్రకారం ఈశాన్యం మూల ఖాయం చేశారు. అది సిటీవాళ్ళు బస్ స్టాప్‌కు అడిగిన చోటే అయింది, అంతా దైవనిర్ణయం. జపాన్ స్టేషన్‌లో ఎవరైనా తీసుకునేలా గొడుగులు ఉంచారు గనుక ఇక్కడా ఉంచి, ఎవరూ తీసుకోకుండా గొలుసు వేశారు. స్టేషన్ చూడవచ్చే కార్లకు చోటు చాలక, మీనాక్షమ్మ సాయంత్రాలు నడిచే కాలిబాటను పార్కింగ్ చేశారు.

ప్రారంభోత్సవానికి ముహూర్తం బుధవారం ఉదయం కుదిరింది. పనిరోజే అయినా కాలనీ యావత్తూ తరలివచ్చింది, రెండు వీధుల అవతలివాళ్ళు కూడా కార్లలోనే. అంకిత క్యాలెండర్ సైతం మధ్యాహ్నం దాకా ఖాళీ అయిపోయింది. మీనాక్షమ్మ మనసు చివుక్కుమంది. పట్టుచీర కట్టుకుని, బుధవారం అలవాటుగా కుట్టుసంచీ భుజాన వేసుకుని బయల్దేరింది.

ఫణిగారు మైకు అందుకున్నారు. "ఒక్క ముసలమ్మ కోసం రైలు ఆగిందండీ! ఒక్క మనిషి! మనిషికి విలువివ్వడమంటే అదీ!" వెంకట రమణ కళ్ళు తుడుచుకున్నాడు. ఫణిగారు అత్తగారి వైపు తిరిగారు. "అత్తయ్యగారూ, మన ఫస్ట్ ప్యాసింజర్ మీరే. బెంచీ మీద కూర్చుని, రైలొస్తున్నట్టు చెయ్యి ఊపండి. వీడియో తీస్తాం."

మీనాక్షమ్మ కూర్చుంది. చెయ్యి ఎత్తింది. సరిగ్గా అప్పుడే బస్సు వచ్చింది.

పాపం, ఆ డ్రైవరమ్మకు సంఘం తీర్మానాలు తెలియవు. బెంచీ ఉంది, కప్పు ఉంది, గడియారం ఉంది, చెయ్యెత్తిన పెద్దావిడ ఉంది. ఆపేసింది. తలుపు తెరుచుకుంది.

"లైబ్రరీ?" అంది మీనాక్షమ్మ. డ్రైవరమ్మ నవ్వి తలూపింది.

"అత్తయ్యగారూ, ఎక్కకండి! జస్ట్ యాక్ట్ చేయమన్నామంతే!" ఫణిగారి కేక మైకులోంచి కాలనీ అంతా వినిపించింది.

మీనాక్షమ్మ మెట్టు మీద నుంచి వెనక్కి తిరిగింది. అల్లుడికి ఎదురు చెప్పడం ఆవిడకు అదే మొదలు. "ఒక్క మనిషి కోసం ఆపింది అల్లుడుగారూ. ఎక్కకపోతే బాగుండదు." ఎక్కేసింది. ఆ పూట రోసా పక్క కుర్చీ నిండింది.

సాయంత్రం సంఘం మళ్ళీ సమావేశమై, స్టేషన్‌లో ఒక వాహనం ఆగిన దుర్ఘటనపై తీవ్ర విచారం వ్యక్తం చేసింది. 'ఇది రైల్వే స్టేషన్. ఇక్కడ ఏదీ ఆగరాదు' అని బోర్డు పెట్టాలని ప్రతిపాదన వచ్చింది. వెనక వరసలోంచి ఒక చెయ్యి వ్యతిరేకంగా లేచింది, ఈసారి పూర్తిగా లేచింది. ఇల్లు ఆవిడ పేరు మీద లేదు గనుక ఆ చెయ్యిని లెక్కలోకి తీసుకోలేదు. ఏకగ్రీవమే.

బోర్డు వెలిసింది. రైళ్ళు మనుషుల కోసం ఎంత ముచ్చటగా ఆగుతాయో పిల్లలకు చూపించడానికి కాలనీవాళ్ళు వచ్చే ఏప్రిల్‌లో మళ్ళీ జపాన్ వెళ్తున్నారు. సీట్లు ఇంకా ఉన్నాయి, మీరూ రావచ్చు. ఎయిర్‌పోర్టుకు మాత్రం ఎవరి కార్లో వాళ్ళే.