బొల్లారం వాళ్ళకి చెప్పరాదు

ఆ రోజు పొద్దున డేవిడ్ రాజు వేసుకున్న పథకంలో గొప్పలేమీ లేవు. భార్య క్యారల్ వరసగా నాలుగు గంటలు నిద్రపోవాలి. అంతే. పాప పుట్టి పందొమ్మిది రోజులైంది. ఈ పందొమ్మిది రోజుల్లో క్యారల్ ఏకబిగిన పడుకున్న అతి పెద్ద నిద్ర గంటా ఇరవై నిమిషాలు. ఆ సంగతి డేవిడ్‌కి కచ్చితంగా తెలుసు. ఎందుకంటే ఆ గంటా ఇరవై నిమిషాలూ అతను పాపను భుజాన వేసుకుని, రెజిమెంటల్ బజార్‌లోని ఆ మేడమీది వాటాలో వంటింటి నుంచి బాల్కనీకి, బాల్కనీ నుంచి వంటింటికి నడుస్తూనే ఉన్నాడు.

మామూలుగా అయితే ఈ బాధ్యతంతా క్యారల్ తల్లి సువార్త గారు చూసుకోవలసింది. కానీ కాన్పుకి నాలుగు రోజుల ముందు ఆవిడ బొల్లారంలో తన ఇంటి మెట్ల మీద జారిపడి, కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరగ్గొట్టుకున్నారు. కట్టు విప్పడానికి ఇంకా మూడు వారాలుంది. డేవిడ్ తల్లి అతను ఇంటర్ చదివే రోజుల్లోనే పోయింది. ఇక మిగిలింది ఇద్దరికి ఇద్దరే.

డేవిడ్ రైల్వేలో గుమస్తా. ఏ డ్రైవరు ఏ బండి ఎక్కాలో, ఎవరు ఎన్ని గంటలు విశ్రాంతి తీసుకోవాలో చార్టులు రాయడం అతని పని. పాప కోసం సెలవు పెట్టాడు. పాప వచ్చిన మొదటి వారం ఇద్దరూ ఒకేసారి లేచి, ఒకేసారి పాపను ఊపి, ఒకేసారి ఏడ్చిన తర్వాత క్యారల్ కళ్ళు తుడుచుకుని అంది:

"ఆఫీసులో రెండొందల మందికి డ్యూటీలు వేస్తావు కదా రాజూ. మనిద్దరికీ వెయ్యలేవా?"

వేశాడు. ఒక తెల్లకాగితానికి రెండు వైపులా, ఆఫీసు భాషలోనే, నంబర్లు వేసి మరీ రాశాడు. ఇద్దరూ సంతకాలు పెట్టి ఫ్రిజ్‌కి అంటించుకున్నారు. చిత్రమేమిటంటే అది పనిచేసింది. ఒకరు పాపను చూస్తే ఇంకొకరు అవతలి గదిలో తలుపేసుకుని కాసేపైనా కునుకు తీసేవారు. అతని డ్యూటీలో క్యారల్ తీసి ఉంచిన పాలు చెంచాతో పట్టేవాడు. మొదట్లో సగం పాలు పాప మెడలోకి పోయేవి. మూడో రోజుకి ఒక్క చుక్క కిందపడకుండా పట్టడం నేర్చుకున్నాడు. పాప ఆకలి ఏడుపుకీ నిద్ర ఏడుపుకీ తేడా క్యారల్ కంటే ముందు అతనే కనిపెట్టాడు. ఆ రోజు క్యారల్ అతనివైపు చూసిన చూపుకి ప్రమోషన్ కూడా సాటిరాదని డేవిడ్ అనుకున్నాడు.

అయితే తడిచేతులు తగిలి తగిలి కాగితం మీద సిరా అలుక్కుపోయింది. ఆరు ఎనిమిదిలా కనబడి, ముందురోజు ఎవరి డ్యూటీ అన్నదానిపై చిన్న వాదన కూడా జరిగింది. అందుకని డేవిడ్ ఎనిమిదింటికి పాల పాకెట్ కోసం కిందికి దిగినప్పుడు ఆ కాగితం జేబులో పెట్టుకుని, వీధి చివర పర్వతాలు జిరాక్సు కొట్టుకి వెళ్ళాడు.

పర్వతాలు ఇరవై రెండేళ్ళుగా అద్దె ఒప్పందాలూ, అఫిడవిట్లూ టైపు చేస్తున్న మనిషి. తలెత్తి చూసేసరికి డేవిడ్ ఐదు రోజుల గడ్డంతో, ఎర్రటి కళ్ళతో, గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్న చొక్కాతో కనిపించాడు.

"ఏందన్నా, గిట్లయినవ్? తబియత్ మంచిగున్నదా?"

"తబియత్‌కేం లేదు పర్వతాలన్నా. ఇద్దరం ఒకే గదిలో ఉంటే ఇద్దరికీ మనశ్శాంతి లేదు. అందుకే విడివిడిగా ఉందామని కాగితం రాసుకున్నాం. నోటిమాటైతే రోజూ గొడవే."

పర్వతాలు చేతిలో టీ గ్లాసు కింద పెట్టాడు.

"మేడమ్ సుత ఒప్పుకున్నదా?"

"ఆమె ఐడియానే అన్నా! మంచిగా టైపు చేసి లామినేషన్ కొట్టు. మధ్యాహ్నం వచ్చి తీసుకుంటా. ఇప్పుడు నిలబడలేను, పాపను నాకు అప్పజెప్పే టైమైంది."

డేవిడ్ వెళ్ళిపోయాడు. పర్వతాలు కళ్ళజోడు పెట్టుకుని చదివాడు.

ఒకటి: నాలుగో తేదీ నుంచి ఇద్దరూ వేరువేరు గదుల్లో ఉండాలి. రెండు: పాప సగం రోజు తల్లి దగ్గర, సగం రోజు తండ్రి దగ్గర ఉంటుంది. మూడు: ఒకరి సమయంలో ఇంకొకరు జోక్యం చేసుకోరాదు. నాలుగు: గడిచిన రోజు తప్పులు మర్నాడు ఎత్తరాదు. ఐదు: ఈ ఏర్పాటు గురించి బయటివాళ్ళకి, ముఖ్యంగా బొల్లారం వాళ్ళకి చెప్పరాదు.

కింద రెండు సంతకాలు.

పర్వతాలు గుండె చెరువైపోయింది. ఇరవై రోజుల పిల్లను పెట్టుకుని విడిపోయేవాళ్ళను అతను ఇంతవరకూ చూడలేదు. పోనీ విడిపోతే విడిపోయారు, ఇంత ముఖ్యమైన విషయం తెల్లకాగితం మీద రాసుకుంటే రేపు ఎక్కడ చెల్లుతుంది? తెలిసినవాళ్ళు కదా అని స్టాంపు పేపరు బయటికి తీశాడు. "మొదటి పార్టీ అయిన డేవిడ్ రాజు, రెండవ పార్టీ అయిన క్యారల్, ఇకమీదట వేరువేరుగా నివసించుటకు ఎవరి బలవంతమూ లేకుండా రాసుకొన్న ఒప్పంద పత్రము" అని శీర్షిక కొట్టాడు. కొట్టిన తర్వాత మనసు ఊరుకోలేదు. క్యారల్ తండ్రి పేతురు గారు తమ చర్చి వార్షిక నివేదిక ఏటా అక్కడే టైపు చేయిస్తారు. నంబరుంది. ఫోన్ చేశాడు.

"పేతురు సార్, నేను చెప్పొద్దు గానీ చెప్తున్న. జెర జల్ది రాండ్రి. మీ బిడ్డ కాపురం నా కంప్యూటర్ల ఉన్నది."

పేతురు గారు ముప్పై నాలుగేళ్ళు బడి నడిపిన హెడ్మాస్టరు. వరండాలో నిలబడి "సైలెన్స్" అంటే పక్క బడి కూడా నిశ్శబ్దమైపోయేదని చెప్పుకునేవారు. ఆయన వెంటనే ఆటో పిలిచి, కట్టు చెయ్యి మెడకి వేలాడుతున్న సువార్త గారిని ఎక్కించుకున్నారు. దారిలో ప్రేమమణి గారిని కూడా ఎక్కించుకున్నారు. ఆవిడ స్త్రీల సమాజం కార్యదర్శి, ఇంతవరకూ పదకొండు జంటలను కలిపిన మనిషి. చర్చి పాటల బృందంలో మైకు లేకుండా వెనక వరసకి వినిపించేది ఆవిడ ఒక్కరి గొంతే.

ఇటు ఇంట్లో తొమ్మిదింటికి క్యారల్ పాపకి పాలిచ్చి, ఇంకో గిన్నెడు తీసి ఉంచి, పడకగది తలుపు దగ్గర ఆగింది.

"ఒంటిగంట దాకా నిజంగా లేపవుగా రాజూ?"

"ఇల్లు కూలినా లేపను. పడుకో."

డేవిడ్ కాలింగ్ బెల్ స్విచ్ ఆపాడు. కుక్కర్ పక్కన పెట్టేశాడు. పదీ పావుకి ఎవరో తలుపు బాదారు. పాపను భుజాన వేసుకునే పరిగెత్తుకెళ్ళి తీశాడు. ఎదురుగా మామగారు, అత్తగారు, ప్రేమమణి గారు. డేవిడ్ ముందుగా చేసిన పని పెదాల మీద వేలు పెట్టుకోవడం.

"వందనాలు మావయ్యగారూ. మెల్లగా... క్యారల్ పడుకుంది."

పడుకుందో, ఏడుస్తోందో! సువార్త గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ముగ్గురూ చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికి వచ్చి సోఫాలో వరసగా కూర్చున్నారు. డేవిడ్ పాపను ఊపుతూ వాళ్ళ ముందు నిలబడ్డాడు. కూర్చుంటే పాప ఒప్పుకోదు.

"అల్లుడుగారూ, మాకు తెలిసిపోయింది," అన్నారు పేతురు గారు గొంతు తగ్గించి. "పర్వతాలు చెప్పాడు. మీరు వేరువేరుగా ఉంటున్నారట."

డేవిడ్ సిగ్గుపడ్డాడు. బొల్లారంలో తెలియకూడదని ఎంత జాగ్రత్తపడ్డారు!

"అవునండీ. మీకు చెబితే కంగారుపడతారని..."

"నిర్ణయం ఎవరిది బాబూ?" అన్నారు ప్రేమమణి గారు. అది ఆవిడ గుసగుస. కిటికీ రెక్క కదిలింది.

"మెల్లగా ఆంటీ! ఇద్దరిదీ."

"ఎన్నాళ్ళని?"

"మూడు నెలలు చూద్దామనుకున్నాం. అలవాటైపోతే ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటాం. నిజం చెప్పాలంటే ఆంటీ, వేరుగా ఉన్నప్పటి నుంచీ ఇద్దరం చాలా సంతోషంగా ఉన్నాం."

సువార్త గారు వెక్కారు.

"మరి పసిదాని సంగతి?" అన్నారు ప్రేమమణి గారు.

"దానికేం తేడా తెలీట్లేదు ఆంటీ. ఎవరెత్తుకున్నా ఒకటే ఏడుపు."

"చర్చిలో అందరి ముందూ నిలబడి, కష్టమైనా సుఖమైనా కలిసే అన్నావు కదయ్యా!"

"అందుకే కదండీ, కష్టాన్ని సగం సగం పంచుకున్నాం!"

పేతురు గారు లేచి నిలబడ్డారు. పెళ్ళైన నాటి నుంచి అల్లుణ్ణి మీరు అని తప్ప పిలవని మనిషి ఆయన. "నువ్వు పక్కకి తప్పుకో," అన్నారు. "నేను నా కూతురితో మాట్లాడాలి."

డేవిడ్ వెళ్ళి పడకగది తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాడు.

"క్షమించండి మావయ్యగారూ. ఒంటిగంట దాకా ఈ తలుపు తీయను."

"నా బిడ్డను నన్ను చూడనివ్వవా?"

"ఎవరినీ చూడనివ్వను. మాటిచ్చాను."

"ఎంత ధైర్యం నీకు!" అని పేతురు గారు అరవబోయారు. పాప భుజం మీద ఉలిక్కిపడింది. అరుపు మధ్యలోనే గుసగుసగా మారిపోయింది. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఆయనకి గుసగుసగా కోప్పడవలసిన అవసరం రాలేదు. ముఖమంతా ఎర్రబడింది. "తలుపు తియ్!" అన్నారు గాలి ఊదినట్టు. "తియ్యను!" అన్నాడు డేవిడ్ అంతకంటే మెల్లగా. "మెల్లగా మాట్లాడుకోండి!" అన్నారు ప్రేమమణి గారు. అప్పుడు మాత్రం కింది వాటావాళ్ళు బయటికి వచ్చి పైకి చూశారు.

అంతలో తెరిచి ఉన్న ముందు తలుపులోంచి పర్వతాలు తొంగిచూశాడు. చేతిలో స్టాంపు పేపరు.

"డేవిడన్నా, నారాజ్ కాకు. స్టాంపు పేపరుకు లామినేషన్ కొడితే చెల్లదే. గా ముచ్చట చెప్పనీకే వచ్చిన."

"స్టాంపు పేపరు ఎందుకన్నా?"

తలుపు వదలకుండానే డేవిడ్ చెయ్యి చాపి అందుకున్నాడు. మొదటి పార్టీ, రెండవ పార్టీ, వేరువేరుగా నివసించుటకు. మూడుసార్లు చదివాడు. నిద్రలేని బుర్రకి మూడోసారికి గానీ ఎక్కలేదు.

"విడిపోవడమేంటన్నా!" అన్నాడు గుడ్లు తేలేసి. "ఇది పాపను చూసుకునే డ్యూటీ చార్టు! కాగితం వెనక్కి తిప్పలేదా?"

పర్వతాలు జేబులోంచి అసలు కాగితం తీసి వెనక్కి తిప్పాడు. చూసి, దాన్ని సువార్త గారి ఎడమచేతిలో పెట్టాడు. ఆవిడ మెల్లగా చదివారు.

"ఆరు: క్యారల్ ఏడిస్తే ఎందుకని అడగరాదు. పక్కన కూర్చోవాలి. ఏడు: డేవిడ్ స్నానం చేయించేటప్పుడు అతని చేతులు వణుకుతాయి. నవ్వరాదు." పక్కనే క్యారల్ రాత. "తప్పనిసరైతే వంటింట్లోకి వెళ్ళి నవ్వాలి." మళ్ళీ డేవిడ్ రాత. "ఎనిమిది: పాలు సరిపోతున్నాయా అని తల్లిని ఎవరు అడిగినా, జవాబు డేవిడ్ చెప్పాలి. తొమ్మిది: డ్యూటీ మారేటప్పుడు ఇద్దరూ పది నిమిషాలు కలిసి కూర్చుని వేడి టీ తాగాలి. ఆ పది నిమిషాలు పాప గురించి మాట్లాడరాదు."

ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే తాను ఫోన్ చేసి కూతుర్ని పాలు సరిపోతున్నాయా అని నాలుగుసార్లు అడిగిన సంగతి సువార్త గారికి గుర్తొచ్చింది.

పేతురు గారికి మాత్రం ఒకటి మింగుడుపడలేదు. "మరి బొల్లారం వాళ్ళకి చెప్పరాదని..."

"అది క్యారల్ రాయించింది మావయ్యగారూ," అన్నాడు డేవిడ్, తలుపుకి ఆనుకునే. "మేమిద్దరం నిద్రలేక తిప్పలు పడుతున్నామని తెలిస్తే అత్తయ్యగారు ఆ చేత్తోనే వచ్చి వంటింట్లో దూరతారు. ఆ ఎముక సరిగ్గా అతుక్కోకపోతే... ఆవిడ హార్మోనియం వాయించే చెయ్యి కదండీ. అందుకని మేమే ఎలాగో..."

వాక్యం అక్కడే ఆగింది. పూర్తిచేస్తాడని అందరూ చూశారు. డేవిడ్ కళ్ళు మూతపడ్డాయి. తలుపు వెంట నెమ్మదిగా కిందికి జారి, నేల మీద కూర్చుని, అలాగే నిద్రపోయాడు. చేతులు మాత్రం పాప చుట్టూ బిగించిన పట్టు బిగించినట్టే ఉన్నాయి.

"వదిలెయ్యండి బాబూ, మేమున్నాం," అని సువార్త గారు అతని చెవిలో చెబితే గానీ ఆ వేళ్ళు సడలలేదు. ఆవిడకి పనికొచ్చేది ఒక చెయ్యే. ప్రేమమణి గారు పొద్దుటి నుంచీ దగ్గుగా ఉందని పసిదాన్ని ముట్టుకోనన్నారు. పర్వతాలు రెండడుగులు వెనక్కి వేశాడు. అందరూ పేతురు గారి వైపు చూశారు.

పేతురు గారికి ముగ్గురు పిల్లలు. మెడ నిలిచేదాకా ముగ్గురిలో ఎవరినీ ఆయన ఎత్తుకోలేదు. అది మగవాళ్ళకి చేతకాని పని అని ఇంట్లో ప్రకటించి, ఆ ప్రకటన మీదే ఇన్నేళ్ళు నెట్టుకొచ్చారు. ఇప్పుడు కిందపడి నిద్రపోతున్న అల్లుడి ఎదుట ఆ మాట అనడానికి నోరు రాలేదు. వంగి, రెండు చేతులూ చాపి, పాపను అందుకున్నారు. చేతులు వణికాయి.

"నవ్వాలంటే వంటింట్లోకి వెళ్ళు," అన్నారు భార్యతో. సువార్త గారు నిజంగానే వెళ్ళారు.

ఒంటిగంటకి క్యారల్ తనంతట తనే లేచి, తలుపు తీసింది. కాళ్ళ దగ్గర డేవిడ్, తల కింద సోఫా దిండుతో, గుర్రుపెడుతున్నాడు. ప్రేమమణి గారు గొంతు ఎంత తగ్గించవచ్చో మొదటిసారి తెలుసుకుంటూ ఒక మూల కూర్చుని ప్రార్థన చేసుకుంటున్నారు. పర్వతాలు కొట్టు సంగతి మరిచి వంటింట్లో టీ కాస్తున్నాడు. గది మధ్యలో తండ్రి, వంటింటి నుంచి బాల్కనీకి, బాల్కనీ నుంచి వంటింటికి నడుస్తున్నారు. పాప తడిపిన చొక్కా ముందుభాగమంతా ఒంటికి అంటుకుపోయింది.

"నాన్నా! మీరా? ఎంతసేపట్నుంచి?"

"ష్," అన్నారు పేతురు గారు. "రెండున్నర గంటలైంది. ఇప్పుడే పడుకుంది. అల్లుడుగారిని లేపకు."

క్యారల్ తండ్రినీ, తల్లినీ, స్టాంపు పేపరునూ చూసింది. పర్వతాలు తెచ్చిన రెండు గ్లాసులూ తీసుకుని నేల మీద భర్త పక్కనే కూర్చుంది. అతని గ్లాసు మీద మూత పెట్టి, అతను లేచేదాకా తనదీ తాగకుండా కూర్చుంది.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి పేతురు గారు బొల్లారం నుంచి మళ్ళీ వచ్చారు. ఈసారి సంచిలో మార్చుకోవడానికి రెండు చొక్కాలు పెట్టుకొచ్చారు.