మీ ఆయనకి బాతుల పిచ్చి పట్టించండి

కాపురం పచ్చగా ఉండాలంటే ఇంట్లో మగవాడు బాతులకి ఫొటోలు తీయాలి. నవ్వకండి! బాగా ఆలోచించే చెబుతున్నాను. అందులోనూ ఏ బాతు పడితే ఆ బాతు పనికిరాదు. నీళ్ల మీద తీరిగ్గా తేలుతూ, తోక పైకెత్తి తల మాత్రం ముంచే సోమరి బాతులు కొన్ని ఉంటాయి. వాటిని ఎవరైనా తీస్తారు. మనకి కావలసింది ఉన్నట్టుండి బుడుంగుమని మునిగి, మరెక్కడో తేలే అడవి బాతు. దాని వెంట పడ్డ మనిషి ఇక మన జోలికి రాడు.

మా ఆయనకి కళ్లజోళ్ల షాపు ఉంది. ఊళ్లో సగం మందికి అక్షరాలు కనబడుతున్నాయంటే ఆయన చలవే. ముక్కు చూసి ఏ ఫ్రేమ్ నప్పుతుందో చెప్పగలరు, ఫ్రేమ్ చూసి ఏ షాపులో కొన్నారో చెప్పగలరు. అంత చూపున్న మనిషి ఆదివారం వస్తే చాలు, తెల్లారకముందే కెమెరా లెన్సుని చంటిపిల్లలా ఎత్తుకుని ఊరి బయట రిజర్వాయరుకి పోతారు. తడి గట్టు మీద బోర్లా పడుకుంటారు. ఇంట్లో మంచం కింద పడ్డ పెన్ను తీయమంటే నడుం పట్టేసిందనే మనిషే సుమండీ!

దీనివల్ల ఎన్ని లాభాలని! మా ఇంట్లో మాటామాటా పెరగదు. అసలు మాటే ఉండదు కాబట్టి. వంటకి వంక పెట్టరు, నోట్లో ముద్ద పెట్టుకుంటూ కూడా కిటికీలోంచి గాలి ఎటు వీస్తోందో చూస్తుంటారు. ఆ మధ్య హాలుకి రంగు మార్పించాను. ఆక్షేపణ లేదు. పడకగదిలో మంచం అటునుంచి ఇటు తిప్పాను. పాపం, కొన్నాళ్లు రాత్రిళ్లు వెళ్లి గోడకి గుద్దుకున్నారు, ఆ తర్వాత అలవాటు పడ్డారు. ఇంత సర్దుకుపోయే మొగుడు ఎంతమందికి దొరుకుతాడు, చెప్పండి?

ఇక చుట్టాల సంగతి. బాతు రెప్పపాటులో మునుగుతుంది. మా ఆయన వేలు ఆ రెప్పపాటు అయ్యాక నొక్కుతుంది. అందుచేత మా కంప్యూటర్ నిండా ఉన్నవి బాతులు కావు, నీళ్లు. గుండ్రంగా విచ్చుకుంటున్న అలలు, వాటి మధ్యన ఏమీ లేకపోవడం. పోనీ చెరిపేస్తారా? అబ్బే! వచ్చినవాళ్లని కుర్చీలో కూర్చోబెట్టి, తెర మీద వేలు పెట్టి, "ఇదిగో, సరిగ్గా ఇక్కడే మునిగింది" అని ఒక్కొక్కటే చూపిస్తారు. వారం ఉందామని వచ్చిన మా మేనమామ భోజనం అయిన దగ్గర్నుంచి నిద్రపోయే దాకా నీళ్లు చూశాడు. పొద్దున్నే ఏదో పని గుర్తొచ్చిందని పెట్టె సర్దుకున్నాడు.

చలికాలం మొదట్లో నాకు దగ్గర చూపు మందగించింది. సూదిలో దారం ఎక్కదు, మందుసీసా మీద అక్షరం ఆనదు. కళ్లజోళ్ల షాపాయన పెళ్లానికి ఆ మాత్రం దానికి కొదవేమిటి అంటారా? నేనూ అలాగే అనుకుని, "ఏమండీ, నా కళ్లు కాస్త చూడండి" అన్నాను. ఆయన లెన్సు తుడుచుకుంటున్నారు. "నీ కళ్లెక్కడికి పోతాయి? ఎర్ర తల బాతులు వచ్చాయి, ముందు అవి పోతాయి" అన్నారు. ఇంకో రెండుసార్లు అడిగి, రోడ్డు దాటి మా షాపుకి పోటీగా కళ్లజోళ్లు అమ్మే ఎదురు షాపుకి వెళ్లాను. పోట్లాటకి వచ్చాననుకుని ఆ షాపాయన లేచి నుంచున్నాడు. ఎర్రటి ఫ్రేమ్ ఒకటి తీసుకున్నాను. రోడ్డుకి ఆ చివర్నుంచి కూడా కనబడేది. కావాలనే!

ఇంట్లో అడుగు పెట్టీ పెట్టకముందే మా అత్తగారు పట్టేశారు.

"ఎరుపు నప్పిందమ్మా. మన షాపుది కాదే?"

"కాదత్తయ్యా."

"వాడు చూశాడా?"

"ఇంకా లేదు."

"అయితే నేను నోరెత్తనులే. ఎప్పటికి చూస్తాడో నాకూ చూడాలనుంది."

ఇద్దరం చూశాం. చలికాలమంతా చూశాం. మొదట్లో నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. ఒకరోజు మాత్రం అద్దం ముందు నుంచుని, నేను అసలు కనబడుతున్నానా లేదా అని అనుమానంగా చూసుకున్నాను. ఏడుపొచ్చింది. మనల్ని మనం చూసుకునే తీరిక దొరకడం కూడా లాభమే కదా!

మొన్న ఆదివారం ఆయన టీ ఫ్లాస్కు మర్చిపోయి వెళ్లారు. పట్టుకుని బస్సెక్కాను. బస్సు ఆగేది రిజర్వాయరుకి అవతలి గట్టున. అక్కడ నుంచుని చెయ్యి ఊపాను. ఆయన లెన్సులోంచి తల ఎత్తకుండానే, పక్కకి తప్పుకోమని చెయ్యి ఊపారు. ఆ టీ బస్టాపులో కూర్చుని నేనే తాగేశాను.

సాయంత్రం మామూలే. అత్తగారూ నేనూ ప్రేక్షకులం. "ఇదిగో, ఇక్కడే మునిగింది" అని మొదలుపెట్టారు. ఆ రోజు నీళ్లు తేటగా ఉన్నట్టున్నాయి, అలల పక్కనే అవతలి గట్టు తలకిందులుగా కనబడుతోంది. ఆయన జూమ్ చేశారు.

"ఎవరో ఆవిడ, గట్టు మీద అడ్డంగా నుంచుంది. తప్పుకోమంటే వినదే. బాతు బెదిరింది ఆవిడ వల్లే."

ఇంకా దగ్గరికి జూమ్ చేశారు. మొహం చిట్లించారు.

"ఆ కళ్లజోడు మాత్రం ఎదురు షాపుదే. అంత ఎరుపు వాడి దగ్గరే దొరుకుతుంది."

అత్తగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఆయన బల్ల మీదున్న టీ ఫ్లాస్కు వైపు చూశారు. తెరలో మనిషి చేతిలోనూ అదే ఫ్లాస్కు. మెల్లగా తల తిప్పి నా వైపు చూశారు. మళ్లీ తెర వైపు, మళ్లీ నా వైపు.

"ఎప్పట్నుంచి?"

"ఎర్ర తలవి వచ్చినప్పట్నుంచి."

ఆయన లేచి దగ్గరికొచ్చి, కళ్లజోడు రెండు చేతులతో తీసి, దీపానికి ఎదురుగా పట్టుకుని చూశారు. ఒక పక్క కాస్త వంచి, మళ్లీ నా ముక్కు మీద పెట్టారు. "ఎడమవైపు జారింది. వాడికి బిగించడం రాదు" అన్నారు. కాసేపటికి, "నప్పింది" అని కూడా అన్నారు.

కాబట్టి సోదరీమణులారా, నా మాట మారలేదు. మీ ఆయనకి బాతుల పిచ్చి పట్టించండి. ఆ బాతుకేం, మునిగి కనబడకుండా పోతుంది, అందుకే మనిషి రెప్ప వేయకుండా దాని కోసం కాచుకుంటాడు. మనం ఏనాడూ మునగం. పొద్దున్న లేస్తే కళ్లెదుటే తేలుతూ తిరుగుతుంటాం. ఇంక చూడడానికేముంది?

అందుకని వచ్చే ఆదివారం నేను చెప్పాపెట్టకుండా ఎటో ఒకవైపు పోతున్నాను. ఎక్కడ తేలతానో ఆయన్నే కాచుకుని చూడమనండి. అత్తగారు కూడా నాతోనే వస్తానన్నారు.