శుక్రవారానికో కొమూర్కా

ఆ మంగళవారం ఉదయం ఇగ్నాసి పెట్టుకున్న పని చిన్నదే. టీ తాగాక పెరట్లో బల్ల మీద ఎండకు కూర్చుని విత్తనపు బంగాళాదుంపలు ఏరాలి, ఏరుతూ ఏరుతూ ఎవరి కంటా పడకుండా ఓ కునుకు తీయాలి. ఏప్రిల్ ఎండ కూడా అందుకు ఒప్పుకున్నట్టే ఉంది. కునుకు విషయంలో ఒల్షాంకా ఊళ్ళో ఆయన్ను మించినవాడు లేడు. ఒకసారి సైకిల్ తొక్కుతూ నిద్రపోయి పక్క ఊరి చర్చి ముందు మేలుకున్నాడనీ, ఎలాగూ వచ్చాను కదా అని లోపలికి వెళ్ళి ప్రార్థన చేసుకుని మరీ తిరిగొచ్చాడనీ చెప్పుకుంటారు. నమ్మనివాళ్ళకు ఆ సైకిలే సాక్ష్యం.

అంతలో ఇంట్లోంచి మనవరాలు కాలినా దూసుకొచ్చింది. భుజాన సంచి, నోట్లో రొట్టెముక్క. వీధిలో బస్సు హారన్ మోగుతోంది. బడి హ్యాండ్‌బాల్ జట్టు పోటీలకు లూబ్లిన్ వెళ్తోంది. మళ్ళీ శుక్రవారం పొద్దున అటునుంచి అటే బడికి రావడం. పిల్ల తల్లిదండ్రులు లారీ తోలుకుంటూ జర్మనీ దారుల్లో తిరుగుతుంటారు గనక ఏ అవసరమొచ్చినా తాతే దిక్కు.

"తాతయ్యా, నీ కాళ్ళు పట్టుకుంటా! నాకో కొమూర్కా చేసిపెట్టు. శుక్రవారం మొదటి గంటకల్లా బడిలో ఉండాలి. బయాలజీ మేడమ్ చంపేస్తుంది!"

"కొమూర్కానా? నేనా?"

"నీ చేతికి రాని పనేముంది? మొక్కలది చెయ్యి. చుట్టూ గోడ. గోడ లోపల పల్చగా పొర. అది కావలసినవాటిని రానిస్తుంది, అక్కర్లేనివాటిని ఆపేస్తుంది. నడిమధ్యన ఆజ్ఞలన్నీ ఇచ్చేది ఉండాలి, దాంట్లో మెలితిరిగిన నిచ్చెన. ఇంకా పెద్ద నీళ్ళ సంచి, ఎండ తిని చక్కెర చేసే పచ్చవి, కరెంటు పుట్టించేవి. ఒక పక్క తెరిచి పెట్టు, లోపలిదంతా కనపడాలి!"

"ఎంతది కావాలే?"

"అన్నీ కనపడేంత!" అని బస్సు తలుపులోంచి అరిచింది. బస్సు వెళ్ళిపోయింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా పోలిష్ భాష బహు పొదుపరి. ఒకే మాటను పట్టుకుని మూడిళ్ళలో చాకిరీ చేయిస్తుంది. కట్టెలూ దుంపలూ పడేసుకునే పెరటి కొట్టును కొమూర్కా అంటాం. జేబులో మోగే ఫోనునూ కొమూర్కా అంటాం. ఇక మన ఒంట్లోనూ చెట్టు ఆకులోనూ కంటికి ఆనకుండా కోట్లకొద్దీ ఉండే జీవకణాన్ని కూడా బళ్ళో కొమూర్కా అనే అంటారు. ఇగ్నాసికి మొదటి రెండూ బాగా తెలుసు. మూడోది చెప్పిన రోజున ఆయన వెనక బెంచీలో కునుకులో ఉన్నాడు.

అయినా ఆయన తొందరపడే మనిషి కాదు, తర్కం ప్రకారం ఆలోచించాడు. ఫోను చేతితో చేసేది కాదు. ఫోనుకు గోడా, నీళ్ళ సంచీ ఉండవు. కాబట్టి అది కొట్టే.

"బడికి కొట్టెందుకయ్యా?" అంది భార్య గెనొవేఫా, గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి.

"మొక్కలది అంది కదా. తోటపని నేర్పుతారేమో."

"పదమూడేళ్ళ పిల్లచేత కొట్టు కట్టిస్తారా?"

"అందుకే పోయినసారి క్లాసులో సగంమంది తప్పారు."

ఈ మాటతో గెనొవేఫా ఎత్తిన గరిటె దించింది. తప్పినవాళ్ళలో కాలినా కూడా ఉంది మరి. మా బళ్ళలో ఆరు వస్తే ఆకాశం, ఒకటి వస్తే పాతాళం. పిల్లకు బయాలజీలో ఒకటి వచ్చింది. ఈసారి కూడా ఒకటే వస్తే అదే తరగతి మళ్ళీ చదవాలి, జట్టులోంచీ పోతుంది. జట్టులోంచి పోతే ఆ పిల్ల అన్నం ముట్టదని ఇద్దరికీ తెలుసు.

"ఎందుకైనా మంచిది, ఒక్కసారి ఫోన్ చేసి అడుగు" అంది గెనొవేఫా.

చేశాడు. బస్సులో ఆడపిల్లలందరూ గొంతెత్తి పాడుతున్నారు. ఆ గోలలోంచి కాలినా గొంతు వినిపించింది. "గోడ మర్చిపోకు తాతయ్యా! గట్టిగా ఉండాలి! నా ఛార్జింగ్ అయిపో..." అంతే, తెగిపోయింది.

"ఏమంది?"

"గోడ గట్టిగా ఉండాలంది" అన్నాడు ఇగ్నాసి, సుత్తి వెతుక్కుంటూ.

మధ్యాహ్నానికి గెనొవేఫా తమ్ముడు హిలారి ట్రాక్టరుతో దిగాడు. తన గడ్డివాములకు షెడ్డు వేద్దామని దాచుకున్న పైన్ పలకలన్నీ తెచ్చాడు. మేనకోడలి కూతురి చదువంటే అతనికి ప్రాణం. తను చదవలేదు కాబట్టి చదువు మీద గౌరవం చెక్కుచెదరకుండా అలాగే ఉంది.

ట్రాలీ మీదే కొట్టు లేచింది. నాలుగు గుంజలు, పైన కప్పు, బయట పలకల గోడ, లోపల గుంజలకు టమాటా తోట మీద కప్పే ప్లాస్టిక్ షీటు. షీటు పల్చగానే ఉంది గానీ, అది ఎవరినీ రానివ్వడం లేదు, ఆపడమూ లేదు, ఊరికే వేలాడుతోంది.

"కావలసినవాళ్ళను రానిచ్చి అక్కర్లేనివాళ్ళను ఆపేది మన ఇంట్లో ఒక్కటే ఉంది" అని ఇగ్నాసి వెళ్ళి పెద్దబాతును పట్టుకొచ్చి తెరిచిన పక్కన కట్టేశాడు. దాని పేరు కార్పొరల్. గెనొవేఫా లోపలికి వెళ్తే తల వంచింది. హిలారి అడుగు వేశాడో లేదో పిక్క పట్టుకుంది.

"అంటే నేను అక్కర్లేనివాడినా బావా?"

"నేననలేదురా. పొర అంటోంది."

తరువాత చిక్కు నడిమధ్యన వచ్చింది. ఆజ్ఞలన్నీ ఇచ్చేది కావాలి. బావా బావమరుదులు కాసేపు నేల చూశారు, కాసేపు ఆకాశం చూశారు, చివరికి ఇద్దరి చూపులూ గెనొవేఫా మీద ఆగాయి.

"ఏంటలా గుడ్లప్పగించి చూస్తారు?"

"ఏం లేదు గెన్యా" అన్నాడు ఇగ్నాసి, పేరును ముద్దుగా కుదించి. "నీకో మంచి కుర్చీ వేద్దామని."

పిల్ల చదువు కోసం కాబట్టి ఆమె ఒప్పుకుంది, ఊలు అల్లిక వెంట తెచ్చుకుంటానన్న షరతు మీద. మెలితిరిగిన నిచ్చెన కోసం ఎక్కడికీ పోనక్కర్లేకపోయింది. ఏడాది కిందట హిలారి తన నిచ్చెన మీదికే ట్రాక్టరు వెనక్కి తోలాడు. "పారేద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో! చదువుకు పనికొచ్చే సరుకని ఎవడికి తెలుసు?" అని తెచ్చి అక్క కుర్చీకి ఆనించాడు. నీళ్ళ సంచి బదులు దోసకాయలు ఊరవేసే పీపా నిండా నీళ్ళు పోశారు. పచ్చవాటికి క్యాబేజీ నారు, కొత్తిమీర లాంటి పార్స్‌లీ కుండీలు. కరెంటుకు హిలారి వెల్డింగ్ జనరేటర్.

గురువారం సాయంత్రం జనరేటర్ నడిపి చూశారు. ఒల్షాంకాలో పాలిచ్చే ఆవులన్నీ ఆ పూటకు పాలు బిగబట్టాయి. ఆ రొదలోనే ఒక పలక ఊగడం చూసి గెనొవేఫా మధ్యలోంచి కేకేసింది. "రెండు మేకులు తెమ్మను!"

హిలారి బయటికి తిరిగి ఇగ్నాసికి అందించాడు. "రెండు మేకలు తెమ్మంటోంది!"

ఇగ్నాసి సుత్తి కింద పెట్టాడు. ఏ ప్రశ్నా వేయకుండా ఇంత దూరం వచ్చినవాడు మేకల దగ్గర ఆగడం దేనికి? పొరుగింటి నుంచి రెండు మేకల్ని బతిమాలి తోలుకొచ్చాడు.

"మేకులయ్యా! మేకులు!" గెనొవేఫా నెత్తి కొట్టుకుంది. "యేసు మరియమ్మా, ఒక్క కొమ్ము ఎగిరిపోయేసరికి నాలుగు కొమ్ములొచ్చి నిలబడ్డాయే!"

తిరిగి అప్పజెబుదామంటే పొరుగింటాయన అప్పటికే తాళం వేసి చెల్లెలింటికి బయల్దేరిపోయాడు. మర్నాడు మేకలూ ట్రాలీ ఎక్కాయి. కార్పొరల్ వాటిని ఎందుకో అడ్డుకోలేదు.

శుక్రవారం ఉదయం హిలారి ట్రాక్టరు తోలుతుంటే, ఇగ్నాసి కోటు వేసుకుని పక్కన కూర్చుంటే, వెనక గెనొవేఫా నడిమధ్యన ఊలు అల్లుకుంటుంటే, ఆ కొమూర్కా పట్నం దారి పట్టింది. దారిలో జనం టోపీలు తీసి నిలబడ్డారు. ఏ సెయింటు ఊరేగింపో తెలియక వాళ్ళలో వాళ్ళు గుసగుసలాడుకున్నారు. రైలు గేటు దగ్గర కుదుపుకు పీపా బోర్లాపడి నీళ్ళన్నీ రోడ్డు పాలయ్యాయి. మేకలు క్యాబేజీ నారు ముగించి పార్స్‌లీ మొదలుపెట్టాయి. ముందు కూర్చున్న ఇద్దరికీ ఇవేమీ తెలియవు. గెనొవేఫా కేకలేసింది గానీ, ట్రాక్టరు చప్పుడులో ఆజ్ఞ ఎక్కడో దారిలోనే ఆగిపోయింది.

బడి గేటుకు రెండు పక్కలా ఇటుక స్తంభాలు.

"పడుతుందంటావా?" అన్నాడు ఇగ్నాసి.

"సూదిలో దారంలా దూరుతుంది బావా."

దారం దూరింది. గోడ మాత్రం దూరలేదు. రెండు పక్కల పలకలూ ఫెళఫెళమని స్తంభాల దగ్గరే ఉండిపోయాయి, మిగిలిన పలకలు మర్యాదకు వాటి వెంట పడ్డాయి. నాలుగు గుంజలూ, కప్పూ, గాలికి ఊగే షీటూ, కుర్చీలో గెనొవేఫా, ఆమె చుట్టూ మేకలూ, బాతూ, మిగతా సరంజామా బడి ఆవరణలోకి చేరాయి.

అప్పుడే పోటీల బస్సు దిగిన కాలినా రాయిలా నిలబడిపోయింది. కిటికీ గట్ల మీద తోటిపిల్లల కణాలు వరసగా ఉన్నాయి. జెల్లీతో చేసినవి, మైనంతో చేసినవి. ఏదీ గుప్పిటకు మించి లేదు.

"తాతయ్యా..." అంది. "కొమూర్కా అంటే కణం తాతయ్యా! జీవకణం! కంటికి కనపడనే కనపడదు!"

"కంటికి కనపడనిదాన్ని అన్నీ కనపడేట్టు చెయ్యమన్నది నువ్వే కదే తల్లీ" అన్నాడు ఇగ్నాసి. అని, పిల్ల కళ్ళల్లో నీళ్ళు చూశాడు. మూడు రోజుల హుషారూ ఒక్కసారిగా దిగిపోయింది. టోపీ తీసి చేతిలో నలుపుతూ నిలబడ్డాడు.

బయాలజీ లుత్సినా మేడమ్ వచ్చింది. సన్నటి మనిషి, ఆమె నవ్వగా చూసినవాళ్ళు ఆ బడిలో లేరు. ట్రాలీ చుట్టూ ఒకసారి తిరిగింది. "ఇది ఎవరిది?" అంది.

నాది కాదంటే అయిపోయేది. కాలినా తాత చేతిలోని టోపీ చూసింది. "నాది మేడమ్. మా తాతయ్య కట్టాడు. మొక్క కణం."

"మొక్క కణం పై క్లాసు వాళ్ళకు. మీకు చెప్పింది జంతు కణం. ఆ రోజు కూడా కిటికీలోంచి బంతి చూస్తూ కూర్చున్నావా?"

కాలినా మొహం సున్నం కొట్టినట్టయింది. ఇగ్నాసి బావమరిది భుజం పట్టుకున్నాడు.

"సరే, చెప్పు. మొక్క కణానికి ఉండి, జంతు కణానికి లేనిదేమిటి?"

"గోడ" అంది కాలినా గొణుగుతూ.

మేడమ్ గేటు వైపు చూసింది, తర్వాత ట్రాలీ వైపు చూసింది. "ఇంకా?"

"పెద్ద నీళ్ళ సంచి." పీపా అడుగు పైకి పెట్టి పడుకుని ఉంది.

"ఇంకా?"

"హరితరేణువులు. ఎండతో ఆహారం చేసే పచ్చవి." పెద్ద మేక చివరి పార్స్‌లీ కాడను నెమ్మదిగా లోపలికి లాక్కుంది.

"నువ్వు తెచ్చినదాంట్లో ఈ మూడిట్లో ఏదైనా ఉందా?"

కాలినా తలెత్తింది. మొదటిసారి ఆ ట్రాలీని సరిగ్గా చూసింది. "లేదు మేడమ్."

"అయితే ఇది ఏ కణం?"

"జంతు కణం!"

ఇంతలో స్తంభాలు గీసుకుపోయాయని కేకలేస్తూ ప్రధానోపాధ్యాయుడు పరుగున వచ్చాడు. కార్పొరల్ ఆయన్ను మడమ దగ్గర ఆపేసింది. మేడమ్‌ను అంతసేపూ ఏమీ అనలేదు.

"పొర!" అంది కాలినా, ఎవరూ అడగకుండానే. "ఏది లోపలికి రావాలో అదే ఎంచుతుంది!"

"మరి మేకలెందుకు?"

ఇగ్నాసి తల గోక్కుంటూ మేకుల సంగతి చెప్పుకున్నాడు. మేడమ్ పెదవి కొంచెం వణికింది. "కేంద్రకం నుంచి ఆజ్ఞ బయల్దేరింది. నకలు తీసేటప్పుడు ఒక్క అక్షరం మారింది. ఒకటి బదులు ఇంకొకటి తయారైంది. దీన్నే ఉత్పరివర్తన అంటాం. నాలుగేళ్ళుగా చెప్తున్నా, ఒక్కడికీ ఎక్కలేదు."

"నా పనికి ఇంత మంచి పేరు ఎవరూ పెట్టలేదు" అన్నాడు హిలారి పొంగిపోయి.

"ఏమ్మా టీచరమ్మా!" నడిమధ్యన కుర్చీలోంచి గెనొవేఫా గొంతు ఖంగుమంది. "పిల్లకి మార్కు వేస్తావా వెయ్యవా? నా కాళ్ళు తిమ్మిరెక్కాయి!"

"వేస్తున్నానండీ" అంది మేడమ్ వెంటనే. నాలుగు వేసింది. అయిదు ఎందుకు కాలేదంటే, నిచ్చెన ఎడమకు మెలితిరిగిందట, కణంలోని అసలు నిచ్చెన, డీఎన్ఏ, కుడికి తిరుగుతుందట. "ట్రాక్టరు అవతలి వైపు నుంచి తోలాల్సింది" అని హిలారి బాధపడ్డాడు.

వచ్చే వారం పాఠం కణవిభజన, ఒక కణం నడిమికి చీలి రెండు కావడం అని మేడమ్ గంట కొట్టేముందు చెప్పింది. కాలినా ఇంటికి వెళ్ళగానే సంచి కింద పెట్టకుండా తాత రంపం దాచేసింది.