అరవనివాళ్లే ముందు

అండమాన్‌లో జంగ్లీఘాట్ పేటలో ఉండే యేసురాజు ఆంబులెన్సులో అటెండరు. తను ఒక్కరోజు సెలవు పెడితే పోర్ట్‌బ్లెయిర్ జనాభా సగానికి పడిపోతుందని ఆయనగారి గట్టి నమ్మకం. అలాంటి మనిషిని భార్య సంతోషకుమారి ఏకంగా నెల రోజుల సెలవు పెట్టమంది.

"వచ్చే శుక్రవారం ఓడ. మద్రాసులో టీచర్ల ట్రైనింగు. ఎనిమిదేళ్లు ఎదురుచూశాను, ఈసారి వెళ్తున్నాను. మీరు సెలవు పెట్టి పిల్లల్ని చూసుకోండి," అంది ఆవిడ.

"పక్కింట్లో కాళమ్మత్త ఉంది కదా! పిల్లలకో పద్ధతి నేర్పితే చాలు, సెలవెందుకు? రోజుకి పది కేసులు మోసేవాణ్ణి. ముగ్గురు పిల్లలు నాకో లెక్కా?"

"ఆ పదిమందీ పడుకుని ఉంటారండీ. వీళ్లు పడుకోరు."

"శనివారం నాకు డ్యూటీ లేదు. చేసి చూపిస్తా. నెగ్గితే మాత్రం నువ్వు సెలవు మాటెత్తకూడదు!"

"అలాగే, కానివ్వండి," అంది ఆవిడ.

శనివారం పొద్దున్న ఆవిడ బడికి వెళ్లగానే యేసురాజు ముగ్గురినీ వరండాలో వరసగా నిలబెట్టాడు. మేరికి ఎనిమిదేళ్లు, డానియేలుకి ఆరు, రూతుకి మూడు.

"వినండర్రా, ఇది ఆంబులెన్సు రూలు. అరుస్తున్నాడంటే వాడికి ఊపిరి ఉన్నట్టే. వాడు కాసేపు ఆగొచ్చు. అరవనివాడి దగ్గరికే నేను ముందు పరుగెత్తుతా. ఇవాళ్టినుంచి ఇంట్లోనూ అంతే."

అయిదు నిమిషాల్లో రూలుకి పరీక్ష వచ్చింది. డానియేలు మోకాలు గీరుకుని జెట్టీ దాకా వినబడేలా ఏడుపు లంకించుకున్నాడు. యేసురాజు వాడివైపు చూడనైనా చూడకుండా, చప్పుడు లేని వంటింట్లోకి దూకాడు. అక్కడ రూతు సబ్బుముక్క హాయిగా నములుతోంది! దాని నోరు కడిగి, చేతిలో బిస్కట్టు పెట్టి, ఆ తరవాతే కొడుకు మోకాలికి ఎర్రమందు పూశాడు.

"చూశారా నా పద్ధతి!" అని తన్ను తానే మెచ్చుకున్నాడు.

పిల్లలు బాగానే చూశారు. నోరు మూసుకుంటే నాన్న ముందొస్తాడు, పైగా బిస్కట్టు. పదింటికల్లా ఇంట్లో చీమ చిటుక్కుమంటే ఒట్టు. యేసురాజు కాళ్లు బారజాపుకుని, సెలవు గండం గడిచిందని కాఫీ తాగాడు.

అంతలో వీధికుళాయికి నీళ్లొచ్చాయి. పోర్ట్‌బ్లెయిర్‌లో నీళ్లొచ్చాయంటే రాజైనా లేవాల్సిందే. "కాళమ్మత్తా, పిల్లల మీద ఓ కన్నేసి ఉంచు!" అని కేకేసి, బకెట్లు పట్టుకుని సందు మలుపు తిరిగాడు.

మేరికి బుర్ర ఎక్కువ. ఉత్తినే పడుకుంటే ఏం లాభమని, మిగిలిన ఎర్రమందంతా తమ్ముడి నుదుటి మీద ఒంపింది. ముగ్గురూ వరండాలో కళ్లు మూసుకుని పడుకున్నారు. ముందు నోరు విప్పినవాళ్లు ఆఖరు అని పందెం.

కాళమ్మ వచ్చి చూసి హడలిపోయింది. పిలిచింది, కుదిపింది, గిల్లింది. ఒక్కరంటే ఒక్కరు కిక్కురుమనలేదు.

"ఓలమ్మో, పిల్లలు పడిపోనారర్రా! అరే భయ్యా, జల్దీ ఫోన్ కరో!" అంటూ కిరాణా కొట్టుకి పరుగెత్తింది.

కుళాయి దగ్గర యేసురాజుకి సైరను వినబడింది. ఇంకేం, డ్యూటీ మనిషికి కాళ్లాగుతాయా? బకెట్లు అక్కడే పారేసి, "హటో, హటో! తప్పుకోండి!" అని బండి ముందు పరుగెత్తుతూ జనాన్ని చెదరగొట్టాడు. బండి ఆగాక తలెత్తి చూస్తే అది తన ఇల్లే.

డ్రైవరు అప్పలరాముడి పక్కనుంచి సంతోషకుమారి దిగింది. కేసు ఎవరింట్లోనో తెలిసి, అతను దారిలో బడి దగ్గర ఆవిణ్ణి ఎక్కించుకొచ్చాడు. చేతినిండా సుద్దపొడితో అలాగే వచ్చేసింది పాపం. కొడుకు నుదురు చూసి గుమ్మంలోనే కూలబడిపోయింది.

యేసురాజుకి పై ప్రాణాలు పైనే పోయాయి. డానియేలు నాడి పట్టుకున్నాడు. నాడి బ్రహ్మాండంగా కొట్టుకుంటోంది.

రూతు ఓ కన్ను తెరిచింది. "నాన్నా, బిస్కట్టు!"

"నువ్వు మాట్లాడేశావ్, నువ్వే లాస్టు!" అని డానియేలు లేచి కూర్చున్నాడు.

"నువ్వూ మాట్లాడావుగా! నేనే గెలిచా!" అంది మేరి.

వీధంతా గొల్లుమంది. "యేసురాజు భయ్యా, కేసు ఏమని రాసుకోమంటావు?" అని అడిగి, అప్పలరాముడు బండి తిప్పుకుని వెళ్లిపోయాడు.

సంతోషకుమారి నవ్వలేదు. ముగ్గురినీ ఒళ్లోకి లాక్కుని ఊరుకుంది. పోనీ తిట్టనూ లేదు. తిట్లకి నాలుగు జవాబులు సిద్ధం చేసుకున్న యేసురాజుకి ముచ్చెమటలు పోశాయి.

"సంతోషం, తప్పయిపోయింది. టీ పెట్టనా?"

ఆవిడ పలకలేదు.

"పోనీ, పదిహేను రోజులు సెలవు పెడతాలే."

అప్పుడూ పలకలేదు.

మేరి తండ్రి చెవిలో గుసగుసలాడింది. "నాన్నా, అమ్మ అరవట్లేదు. ముందు అమ్మనే చూడాలి కదా?"

నిజమే! యేసురాజు పరుగున కాయితం తెచ్చి, నెల రోజులకి సెలవు చీటీ రాసి, సంతకం గిలికి, రెండు చేతులా అందించాడు. వంట, నీళ్లు, బట్టలు, ఆడపిల్లల జడలు అన్నీ తనవేనని అందరి ముందూ ఒప్పుకున్నాడు.

ఆవిడ కళ్లు తుడుచుకుని చీటీ అంతా చదివింది. "ఓడలో రానూ పోనూ వారం పడుతుంది. అది ఎవరు కలుపుతారు?" అంది.

ఆ గొంతు వినబడ్డాక గానీ యేసురాజుకి ఊపిరి రాలేదు. "కలుపుతాను, కలుపుతాను. కానీ సంతోషం, నేను లేకపోతే ఆంబులెన్సు గతేంటి?"

"మీ బదులు మనిషిని పోయిన వారమే చూసిపెట్టారండీ. నేనే వెళ్లి మీ ఆఫీసరుగారితో మాట్లాడొచ్చాను. ఈ కాయితం ఒక్కటే రావాలన్నారు," అంది సంతోషకుమారి చీటీ మడిచి సంచిలో పెట్టుకుంటూ.

యేసురాజు నోట మాట లేదు. మేరి గబగబా వచ్చి తండ్రి నాడి పట్టుకుంది.