ఎగిరే కుర్చీకి ర్యాంపు ఎందుకండీ?

సూపర్ హీరో సీరియళ్లలోకి రాజకీయాలు రావాలి! ఇంకా ఇంకా రావాలి! నా మాట నమ్మినవాళ్లు బాగుపడతారు. నమ్మనివాళ్లు మా అపార్ట్‌మెంట్‌కి వచ్చి చూసి బాగుపడతారు.

ఇదివరకు సూపర్ హీరో అంటే ఏముండేది? ఆరడుగుల మగాడు, బిగుతు డ్రెస్సు, విలన్‌కి నాలుగు తన్నులు. ఇప్పుడో? నల్లపిల్ల ఆకాశంలో ఎగురుతోంది. ముసలమ్మ ఒంటిచేత్తో రైలు ఆపుతోంది. చక్రాల కుర్చీలో ఉన్నావిడ కుర్చీతో సహా గాల్లోకి లేచి, లంచగొండి మేయర్ని కాలర్ పట్టుకుని గడియార స్తంభానికి తగిలించి వస్తోంది. కళ్లు చెమర్చవూ!

దీనితో మా అపార్ట్‌మెంట్ రెండు పార్టీలయింది. పిల్లల షోలో ఈ రాజకీయాల గోలేమిటని రిటైర్డ్ లెక్చరర్‌గారి పార్టీ. ఇన్నాళ్లకి న్యాయం జరిగిందని సెక్రటరీగారి పార్టీ. వాట్సాప్ గ్రూపులో పొద్దస్తమానం యుద్ధమే. నీళ్ల ట్యాంకు కారుతోందని ఎవరైనా మెసేజ్ పెడితే, ముందు నువ్వు ఎటువైపో తేల్చి చెప్పమంటున్నారు.

ఒక్క విషయంలో మాత్రం రెండు పార్టీలదీ ఒకటే మాట. బైకులు పెట్టేది గేటు దగ్గర మెట్ల పక్కనున్న ర్యాంపు మీదే. అక్కడ నీడ ఉంటుంది మరి.

ఆ కుర్చీ హీరోయిన్‌కి మన భాషలో గొంతు ఇచ్చేది మా అక్క. అక్కదీ చక్రాల కుర్చీయే, కాకపోతే ఎగరని మోడల్. డబ్బింగ్‌కి వెళ్లాలంటే వాచ్‌మనూ నేనూ కుర్చీతో సహా ఎత్తి మెట్లు దింపాలి. మొన్న నా నడుం పట్టేయడంతో అక్క పనికి నాగా పెట్టాల్సి వచ్చింది. ఇంకోసారి ఇలా అయితే వేరే గొంతు చూసుకుంటామని స్టూడియోవాళ్లు చాలా మర్యాదగా చెప్పారు.

బైకులు తీయించమని అడిగితే సెక్రటరీగారు నొచ్చుకున్నారు. మేం రాత్రనక పగలనక పోరాడేది మీ అక్కగారి లాంటివాళ్ల కోసమే కదా అంటూ స్క్రీన్‌షాట్లు చూపించారు. నాకే సిగ్గేసింది. అంత పోరాటంలో ఉన్న మనిషిని పట్టుకుని బైకుల గురించా అడగడం?

ఆదివారం చివరి ఎపిసోడ్. పెద్ద తెర కట్టి అందరం కలిసి చూద్దామని, పనిలో పనిగా మా అక్కకి సన్మానం చేద్దామని తీర్మానించారు. ఎక్కడంటారా? డాబా మీద! లిఫ్టు అక్కడిదాకా వెళ్లదు. కింద ఇంట్లో ఉన్న అక్కకి ఇమ్మని పూలగుచ్ఛం నా చేతిలో పెట్టారు.

చివర్లో సెక్రటరీగారు అక్కకి ఫోన్ చేసి, మైకు దగ్గర పెట్టి, హీరోయిన్ డైలాగ్ ఒక్కటి చెప్పమన్నారు. అక్క అచ్చం ఆ గొంతుతోనే అంది.

"నా దారికి అడ్డు తప్పుకోండి. ముందు ఆ బైకులు తీయండి."

డాబా దద్దరిల్లిపోయింది! లెక్చరర్‌గారు కూడా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. వచ్చే సీజన్ డైలాగ్ మనకే ముందు చెప్పేసిందని ఎవరో ఈల వేశారు. రెండు పార్టీలూ ఒకటయ్యాయి. చెప్పండి, రాజకీయాల వల్ల ఇంతకన్నా మేలు ఏం జరగాలి?

మర్నాడు పొద్దున అక్కని ఎత్తడానికి వాచ్‌మనూ నేనూ వంగాం. బైకులన్నీ ర్యాంపు మీదే ఉన్నాయి. ఒక్కోదాని మీదా కొత్త స్టిక్కరు మెరుస్తోంది. ఎగిరే కుర్చీ బొమ్మ.