ముక్కల సంగతి అడగకూడదు

ఒంట్లోకి వెళ్లిన మందు ఆ తర్వాత ఏమవుతుందో తెలియకపోవడం ఒక మహాభాగ్యం! మా అక్క ఒక్కతే ఈ భాగ్యాన్ని కాలదన్నుకుంటోంది.

అక్క దర్జీ. రెండేళ్ల కిందట నరాల జబ్బొచ్చి వేళ్లు మాట వినడం మానేశాయి. ఊరందరికీ గుండీలు కుట్టిన మనిషి తన గుండీ పెట్టుకోవడానికి బావని పిలవాల్సి వచ్చింది. అప్పుడు పెద్ద డాక్టరు కొత్త ఇంజెక్షన్ రాశారు. నాలుగు నెలలకొకటి.

మన కణాల్లో ఉండే జన్యు అక్షరాల్లాంటివే ఓ ఇరవై, దండలా గుచ్చి చేసిన మందట. మామూలు అక్షరాలైతే ఒళ్లు ఇట్టే కత్తిరించి పారేస్తుంది. అందుకని ఒక్కో అక్షరానికీ రసాయన మార్పులు చేసి మొండిదాన్ని చేశారు. ఇక పొమ్మన్నా నెలల తరబడి పోదు! రోజుకు మూడు పూటలా మాత్రలు మింగే నాబోటి వాడికి ఇంతకంటే సుఖం ఏముంటుంది చెప్పండి?

మూడు ఇంజెక్షన్లయ్యాయి. నాలుగోది గురువారం అనగా డాక్టరు దగ్గర అక్క నోరు ఊరుకోలేదు.

"ఎప్పటికైనా అది ముక్కలవుతుంది కదండీ? మార్చిన ఆ అక్షరాలని తమ సొంతవే అనుకుని కణాలు వాడేసుకుంటే? నా కొట్లో మిగిలిన పీలికల సంగతి నాకు తెలుసు. ఎక్కడో ఒకచోట అతుకు పడతాయి."

డాక్టరుగారు గడియారం చూశారు. "మందు మొత్తాన్నీ పరీక్షించారమ్మా. ఇంతవరకు ఎవరికీ ఏమీ కాలేదు."

"నేనడిగింది మొత్తం సంగతి కాదండీ, ముక్కల సంగతి."

ఆయన మందు కంపెనీ ఫోన్ నంబరిచ్చారు. అక్కడ ఓ తీయని గొంతు, "మా ఎలుకలన్నీ బాగున్నాయి మేడమ్" అంది. ఆహా, ఏం మర్యాద! మా ఇంట్లో నా క్షేమం కూడా ఎవరూ ఇంత శ్రద్ధగా చెప్పుకోరు. సేఫ్టీ ఆఫీసరు మీటింగులో ఉన్నారట. భద్రత గురించే మీటింగైతే ఇక భద్రతకేం లోటు?

పైగా నలభై పేజీల కాగితాలు పంపారు. సూది గుచ్చిన చోట పుట్టే దురద గురించి నాలుగు పేజీలు! ముక్కల గురించి ముక్క లేదు. మనకి ఎంత చదువు తప్పించారో చూశారా?

నేనూ నా వంతు హితబోధ చేశాను. "అన్నం తింటున్నాం. లోపల అదేమవుతోందని అడుగుతున్నామా? నీకెందుకే అక్కా ఈ ఆరా?"

"అన్నాన్ని అరక్కుండా ఎవరూ తయారుచెయ్యలేదురా!"

నాకు ఒళ్లు మండింది. "అయితే మానేస్తావా?"

"మానేస్తానని ఎవడన్నాడు? మొన్న సూదిలో దారం ఎక్కించాన్రా, నేనే! గురువారం వేయించుకుంటాను. 'మాకూ పూర్తిగా తెలియదమ్మా, చూస్తున్నాం' అంటే వాళ్ల సొమ్మేం పోయింది? తెలియదంటే తట్టుకోలేననుకున్నారా? జబ్బు వేళ్లకొచ్చింది గానీ బుర్రకి రాలేదురా!"

నాకు తలకొట్టేసినట్టయింది. ఎలుకల క్షేమం విని మురిసిపోయింది నేనే కదా.

ఇంతలో ఫోన్ మోగింది. కంపెనీవాళ్లే. సేఫ్టీ ఆఫీసరు కాదు, రికార్డు చేసిన గొంతు. మా జవాబు మీకు తృప్తి కలిగిస్తే ఒకటి నొక్కండి, లేకపోతే రెండు నొక్కండి అంది.

ఏడాది కిందట గ్లాసు కూడా పట్టుకోలేని ఆ చేత్తో, ఎవరి సాయమూ లేకుండా, అక్క రెండు నొక్కింది. గట్టిగా నొక్కింది.

మందు భేషుగ్గా పనిచేస్తోంది!